రమాదేవి చెప్పిన అంకె

ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకి తగిలితే చాలు, పదకొండు, మూడు, ముప్పైనాలుగు, పంతొమ్మిది అని నా లోపల ఎవరో ఎక్కం చదవడం మొదలుపెడతారు. ఈ వానాకాలం నాకు మిగిల్చింది ఇదే.

మేముండే ఈ హిందీ ఉక్కు ఊళ్ళో, జుగ్సలాయి బజారులో ఒక మిర్చి గోడౌన్ మీద కోచింగ్ సెంటర్ వాళ్ళ గది ఉంది. ఆదివారం విడిచి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అక్కడ మేం తొమ్మిదిమంది కూడేవాళ్ళం. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మీటప్ అని దానికి పేరు. కింద బస్తా దించినప్పుడల్లా పైన అందరం వరసగా తుమ్మేవాళ్ళం. ఈ ఊళ్ళో నాలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ఎనిమిది మంది ఉన్నారని తెలిసిన రోజు నేను ఎంత సంబరపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత పుడుతుంది.

మా పద్ధతి గురించి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రోగ్రాములో ప్రతి భాగమూ పిండిమర లాగా ఉండాలి. ఏం పోస్తే దాని పిండే రావాలి, ఇవాళ పోసినా రేపు పోసినా అదే రావాలి, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒకసారి రాసినదాన్ని చెరిపి మార్చకూడదు. అలా ఉన్నదాన్ని మేం ప్యూర్ అంటాం. ఆ మాట అనేటప్పుడు మా మొహాల్లోకి మడి కట్టుకున్నవాళ్ళ కళ ఒకటి వచ్చేది.

మీటప్‌కి పెద్ద హరికిరణ్. టెల్కో కాలనీలో వాళ్ళ నాన్న క్వార్టర్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేస్తాడు. తెలుగువాడే అయినా మాతో హిందీలోనే మాట్లాడతాడు. ఎవరు మాట్లాడుతున్నా పెన్ను క్యాపు చెవిలో పెట్టి తిప్పుకుంటూ వింటాడు. ఆ క్యాపునే మళ్ళీ పెన్నుకి పెట్టి ఆ పెన్నే మనకి ఇస్తాడు. మా తమ్ముడు మహేష్ అతని వెనక తోకలా తిరిగేవాడు. బీసీఏ అయి ఏడాది దాటినా వాడికి ఉద్యోగం లేదు, వాళ్ళ కంపెనీలో నీ పేరు చెప్తానని హరికిరణ్ మాట ఇచ్చాడు.

లాటరీ ప్రోగ్రాము రాసింది మాత్రం నేనే.

*

సీతారాండేరాలో మా అమ్మ పోలమ్మకి టిఫిన్ బండి ఉంది. నాన్న చనిపోయిన ఏడాది మొదలుపెట్టింది, ఇప్పటికి ఆరేళ్ళు. పొద్దున్న ఐదున్నరకి ఫ్యాక్టరీలో 'ఏ' షిఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళు, ఆరున్నరకి రాత్రి 'సీ' షిఫ్ట్ దిగి కళ్ళు నులుముకుంటూ వచ్చేవాళ్ళు, ఇడ్లీ తిని వెళ్తారు. పక్క బండి రమాదేవి పిన్నిది, పూరీ. ఇద్దరూ ఒకే నీలం టార్పాలిన్‌ని రెండు బండ్ల మీదుగా లాగి కట్టుకుంటారు. పోయిన వానల్లో ఆ టార్పాలిన్‌లో నీళ్ళు నిలిచి, బరువుకి తాడు తెగి, రెండు గిన్నెల ఇడ్లీ పిండిలోకి నీళ్ళన్నీ ఒక్కసారే పడ్డాయి. అమ్మ కాసేపు ఆ గిన్నెల వంక చూసి, తర్వాత గరిటెతో పైనీళ్ళు తోడడానికి ప్రయత్నించింది. పిన్ని ఆ గరిటె లాక్కుని పిండి కాలవలో పోసేసింది.

ఈ ఏడు రోడ్డు పక్కన పన్నెండు రేకుల షెడ్లు కట్టారు. బండ్లు నలభైఒకటి. ఎవరికివ్వాలో తోపుడుబండ్ల వాళ్ళ ఠేలా సంఘం తేల్చాలన్నారు. సంఘం సెక్రెటరీ నారాయణమూర్తిగారు అందరి పేర్లూ వచ్చిన వరసలో రాసుకోవడానికి ఒక రోజు పెట్టారు. ఆ రోజు వాన. అమ్మా పిన్నీ కలిసి వెళ్ళి ఒకే గొడుగుతో లైన్లో నిలబడి, అయినా తడిసి ముద్దయి వచ్చారు.

"పైన రేకు ఉంటే సాలు," అంది అమ్మ తల తుడుచుకుంటూ. "ఫ్యానొద్దు, కుర్చీలొద్దు. రేకొకటి ఉంటే నాను ఇంకో పదేళ్ళు ఈ పని సేత్తాను."

"రేకు కింద మనిద్దరికీ పక్కపక్కన వత్తే, అప్పా, నా బేరం రాని రోజు నీ సట్నీ గిన్నె కాడ కూకుంటాను," అంది పిన్ని.

అమ్మ నవ్వింది. "వచ్చినప్పుడు సూద్దాంలే."

చీటీలు తీయిద్దామంటే నారాయణమూర్తిగారు ఒప్పుకోలేదు. చీటీ మడతలో తేడా ఉంటుందనీ, తీసిన చెయ్యి ఎవరిదని గొడవ వస్తుందనీ అన్నారు. "కంప్యూటర్‌కి చుట్టాలుండరు," అన్నారు. ఆ మాట మహేష్ మోసుకొచ్చి మీటప్‌లో చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. అమ్మకి పనికొచ్చే ప్రోగ్రాము ఒకటి రాయడం నాకు అదే మొదటిసారి.

కంప్యూటర్‌కి నిజంగా లాటరీ తీయడం రాదు. మనం ఒక అంకె ఇస్తే దాన్ని పట్టుకుని లెక్క మీద లెక్క వేసి అంకెల వరస ఒకటి ఇస్తుంది. అదే అంకె మళ్ళీ ఇస్తే అదే వరస వస్తుంది. అందుకని మొదటి అంకె ఎవరికీ ముందు తెలియకూడదు, అందరి ఎదుటా అప్పటికప్పుడు ఎవరి నోటి నుంచైనా రావాలి. ఇది నేను బోర్డు మీద రాసి మరీ చెప్పాను. చెప్పడానికి ఉదాహరణగా మా ఇంటి నంబరు ఇరవై ఏడు ఇచ్చి చూపించాను. పదకొండు, మూడు, ముప్పైనాలుగు, పంతొమ్మిది, ఆరు, ఇరవై ఎనిమిది, పద్నాలుగు. ఆ తర్వాత ఇంకో ఐదు. నలభైఒక్క పేర్ల పట్టికలో ఆ స్థానాల్లో ఉన్న పన్నెండుమందికి షెడ్లు. మళ్ళీ నడిపాను, అవే వచ్చాయి. పదిసార్లు నడిపాను. మూడో ఆదివారానికి అందరికీ వరస నోటికి వచ్చేసింది, నేను మీట నొక్కగానే తుమ్ముల మధ్య అందరూ కలిసి చదివేవాళ్ళు.

"ఏక్‌దమ్ ప్యూర్," అన్నాడు హరికిరణ్ క్యాపు చెవిలో తిప్పుకుంటూ. చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడ్డాను కూడా.

*

జూలై మూడో ఆదివారం మధ్యాహ్నం సంఘం హాల్లో లాటరీ. బయట జల్లు. హాలు నిండా తడి చీరల వాసన, నూనె వాసన. గోడకి కొత్తగా ప్రింటు తీసిన పట్టిక అంటించారు. దాన్ని టైపు చేసింది మహేష్. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి నంబర్లు చెప్తున్నారు. అమ్మకి మహేష్ చెప్పాడు, నీది పద్నాలుగు అని. పిన్నికి నేను చూసి చెప్పాను, నీది పదిహేను అని. నాకు అప్పుడేమీ తట్టలేదు. మీటప్ వాళ్ళు ఐదుగురు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. లాప్‌టాప్ దగ్గర హరికిరణ్ కూర్చున్నాడు. నేను రాసిన ప్రోగ్రామే అయినా సంఘం వాళ్ళకి మగవాడు కూర్చుంటేనే నమ్మకం అన్నాడు మహేష్. సరే పొమ్మన్నాను.

నారాయణమూర్తిగారు హాలంతా చూసి, "రమాదేవమ్మా, నువ్వు రా. ఒక అంకె చెప్పు. నీ నోటితో ఏదొస్తే అదే," అన్నారు.

పిన్ని బెదిరిపోయింది. కొంగు సర్దుకుని లేచి, అమ్మ వంక చూసి, "డెబ్బై ఐదు," అంది. అది చనిపోయిన ఆమె పెనిమిటి ఫ్యాక్టరీలో పనిచేసిన గేటు నంబరు. హరికిరణ్ ఆ అంకెని తెర మీద దానికోసం నేను పెట్టిన పెట్టెలో టైపు చేశాడు. తెర మీద పెద్ద అక్షరాలతో డెబ్బై ఐదు కనిపించింది. అతను మీట నొక్కాడు.

మొదటి పేరు పదకొండో నంబరు. తర్వాత మూడు.

ముప్పైనాలుగు రాకముందే నా పెదాలు ముప్పైనాలుగు అన్నాయి. అది వచ్చింది. పంతొమ్మిది. ఆరు. నేను గోడవైపు చూశాను. మీటప్ వాళ్ళు ఐదుగురి పెదాలూ కదులుతున్నాయి. ఒకడు పక్కవాడి డొక్కలో మోచేత్తో పొడిచి నవ్వాడు. ఇరవై ఎనిమిది.

ఇక ఏం రావాలో నాకు తెలుసు. నారాయణమూర్తిగారు కళ్ళజోడు సర్దుకుని, "పద్నాలుగు, పోలమ్మ," అన్నారు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆరేళ్ళుగా పొయ్యి దగ్గర కాలి గరుకెక్కిన చెయ్యి అది. "వచ్చిందే, రోహిణీ, వచ్చింది," అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

*

రెండు రోజుల తర్వాత అమ్మ బండి సామానంతా షెడ్డులోకి చేర్చింది. పిన్ని ఒక్కత్తే టార్పాలిన్ కింద మిగిలింది. టార్పాలిన్ అమ్మ ఆమెకే వదిలేసింది. రెండు బండ్లకి సరిపోయేది ఒక్క బండి మీద ఎటు కట్టినా వదులుగా వేలాడేది.

షెడ్డు రాని ఇరవై తొమ్మిది మందికి ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి. నారాయణమూర్తిగారిని అనలేరు, కంప్యూటర్‌ని అనడం చేతకాదు. పిన్నిని అనడం మొదలుపెట్టారు. ఏ నోటితో చెప్పిందో ఆ అంకె, అని మొదట గొణిగారు. తర్వాత పైకే అన్నారు. మొగుడు పోయినదాని నోట అంకె అడిగితే ఇంకేం వస్తుందని ఒకావిడ కూరగాయలు ఏరుతూ నా ఎదుటే అంది. పిన్ని తిరగబడుతుందనుకున్నాను. ఆమె అది నమ్మింది. "నానే సెప్పినాను కదే, ఎవుళ్ళననాల? నాకే రానేదు. నా నోరే అంత," అని పూరీలు వత్తుకుంటూ కూర్చుంది. పొద్దున్నే మొదటి బేరం తనతో చేయాలని వచ్చినవాళ్ళని కూడా ఇడ్లీ షెడ్డుకి పొమ్మనేది.

నేను మహేష్‌ని పట్టుకున్నాను. వాడు ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు.

"ఒరే, డెబ్బై ఐదు ఇస్తే ఇరవై ఏడు వరస ఎలా వచ్చిందిరా?"

"ఛోడ్ నా దీదీ," అన్నాడు తల తిప్పకుండా. "హో గయా సో హో గయా. అయిందేదో అయింది, అమ్మకి వచ్చింది కదా."

"నీకు ముందే తెలుసా?"

"ఏం తెలియాలి? అమ్మ తడిసి చావట్లేదు, అది తెలుసు. నువ్వు రాసిన ప్రోగ్రామ్‌తో అమ్మకి ఏం ఒరిగింది చెప్పు, నేను లేకపోతే?"

తర్వాత వాడు ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు. వాడిని లాగి రెండు కొట్టాల్సింది. నేను లాప్‌టాప్ తెరిచాను.

మా మీటప్ ప్రోగ్రాములన్నీ అందరికీ కనబడే చోట ఉంటాయి. ఎవరు ఏ రోజు ఏం మార్చారో అన్నీ అక్కడ ఉండిపోతాయి. చెరపకూడదన్నది మా నియమం, దానికి కూడా ఒకప్పుడు గర్వపడేవాళ్ళం. లాటరీకి మూడు రోజుల ముందు హరికిరణ్ ప్రోగ్రాములో ఒక లైను మార్చాడు. జనం చెప్పే అంకె కోసం నేను పెట్టిన పెట్టె అలాగే ఉంది. దాని నుంచి లోపలికి వెళ్ళే దారి తెంపేసి, లోపల ఇరవై ఏడు రాసి ఉంచాడు. మార్పు పక్కన అతను రాసిన మాట: సింపుల్ చేశాను. పిన్ని చెప్పిన అంకె ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ రాత్రే అమ్మకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మర్నాడు చెప్తాననుకున్నాను. మర్నాడు కుండపోత వాన. షెడ్డు రేకు మీద చినుకుల మోత, కింద పొడిగా అమ్మ, ఆమె చుట్టూ పొడిగా నిలబడి తింటున్న జనం. నాకూ ప్లేటు ఇచ్చింది. అన్నీ తెలిసే తిన్నాను. అలా మూడు వారాలు తిన్నాను. మీటప్ వాళ్ళని అసహ్యించుకోవడం తేలికే, ఆ మూడు వారాలకి నన్ను నేను ఏం చేసుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలియదు.

*

ఆగస్టులో మీటప్ చోటు మారింది. మిర్చి గోడౌన్ లేదు, తుమ్ములు లేవు. సంఘం హాల్లోనే, ఫ్యాన్లు, ప్రొజెక్టరు, అన్నీ ఊరికే. నారాయణమూర్తిగారి దయ అన్నారు. బల్ల మీద సమోసాలు పెట్టారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చిందే అన్న చోటే హరికిరణ్ ప్రొజెక్టర్ వైర్లు సర్దుతున్నాడు.

నేను నిలబడి, ఏమీ సాగదీయకుండా అడిగాను. "హరి భయ్యా, ఆ పెట్టెని ఎందుకు తెంపారు?"

ఒకడు ఫక్కున నవ్వాడు. మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది.

"చూడు రోహిణీ," అన్నాడు హరికిరణ్, పెన్ను క్యాపు చెవిలో పెట్టుకుంటూనే. "సెక్రెటరీగారికి నలుగురు మనుషులున్నారు. పట్టికలో ఎక్కడ కూర్చోబెడితే వస్తారో వాళ్ళని అక్కడ కూర్చోబెట్టారు. మనం పట్టిక ముట్టుకోలేదు. ఫంక్షన్‌లో తప్పేముంది చెప్పు? ఏం పోస్తే అదే వచ్చింది. అది ప్యూరే."

"రమాదేవి పిన్ని చెప్పిన అంకె?"

"అది చూపుకి. జనానికి ఒక తృప్తి."

"మీ అందరికీ వరస తెలుసు. అక్కడ నిలబడి మీరు కూడా చదివారు."

"నువ్వూ చదివావు," అన్నాడు గోడవైపు నుంచి ఒకడు. "నువ్వు చెప్తావేమోనని చూశాం."

హరికిరణ్ సమోసా తుంచి మధ్యలో ఉన్న బంగాళాదుంప మాత్రం తిని, తొక్క ప్లేట్లో పడేసి, "నీ ఇంటికే మేలైంది కదా. నలుగురే అనుకున్నాం, ఐదో పేరు మహేష్ అడిగాడు, సరే పెట్టుకో అన్నాను. మీ అమ్మ కదా. ఇంకేటి నీ బాధ?" అన్నాడు. ఆ చివరి మాట ఒక్కటీ తెలుగులో, మా ఇంటి తెలుగులో అన్నాడు. ఎప్పుడూ హిందీ దిగనివాడు.

మహేష్ కింద చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒక్కసారిగా ఆ గదీ, ఆ ఫ్యాన్ల గాలీ, అందరి వేళ్ళకీ మెరుస్తున్న నూనే కంపరం ఎత్తించాయి. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. మెట్ల కింద కాలవ పక్కన నిలబడి కక్కుకున్నాను. వెనక ఎవరూ రాలేదు. హాల్లోంచి చప్పట్లు వినబడ్డాయి, తర్వాతి ప్రసంగం మొదలైనట్టుంది.

*

మర్నాడు పదకొండింటికి షెడ్డుకి వెళ్ళాను. రద్దీ తగ్గింది. అమ్మ ఇంకో విడత ఇడ్లీకి పళ్ళేలకి నూనె రాస్తోంది. పిన్ని తన బండి కట్టేసి, గ్యాస్ సిలిండర్ మా షెడ్డులో పెట్టుకోవడానికి వచ్చింది. రోజూ అక్కడే పెట్టేది, అమ్మ పెట్టమంది. నేను లాప్‌టాప్‌ని పిండి డబ్బా మీద పెట్టి, హరికిరణ్ మార్చిన ప్రోగ్రాము తెరిచాను.

"పిన్నీ, ఒక అంకె చెప్పు."

పిన్ని సిలిండర్ వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకొద్దు తల్లీ. ఒకపాలి సెప్పినాను, సాలు."

"ఒక్కసారి చెప్పు. ఏదైనా సరే."

అమ్మ పళ్ళెం మీంచి తలెత్తింది. "సెప్పవే. అది అడుగుతోంది కదా."

"పన్నెండు," అంది పిన్ని చాలా చిన్నగా. నేను టైపు చేసి నొక్కాను. పదకొండు, మూడు, ముప్పైనాలుగు. పైకి చదివాను. "ఇంకోటి చెప్పు." తొంభై అంది. పదకొండు, మూడు, ముప్పైనాలుగు. "ఇంకోటి." ఆమె డెబ్బై ఐదు అంది, కళ్ళు మూసుకుని. పదకొండు, మూడు.

"నువ్వేం చెప్పినా ఇదే వస్తుంది పిన్నీ. వాళ్ళు ముందే లోపల వేరే అంకె పెట్టేశారు. నీ అంకె లెక్కలోకి వెళ్ళనే లేదు. నాకు ఆ రోజే తెలిసింది. చెప్పలేదు."

పిన్ని చాలాసేపు తెర వైపు చూసింది. ఆమెకి కోపం వస్తుందని, నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని చూశాను. ఆమె గుండెల మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే నా నోరు కాదన్నమాట," అంది.

అంతే అంది. షెడ్డు గురించి అడగలేదు.

అమ్మ పళ్ళెం కింద పెట్టింది. "పట్టికలో నా నంబరు పద్నాలుగు అన్నాడు కదా ఆడు. రమాదెంత?"

"పదిహేను."

"రమా," అంది అమ్మ. "పేర్లు రాయించిన నాడు గొడుగెవరు పట్టుకున్నారే?"

"నానే కదప్పా. నాను ముందు, నువ్వు నా ఎనక. గొడుగు ఎనక్కి వంచి పట్టుకున్నాను, నీ నెత్తి మీదకి. నా ముందర తడిసిపోనేదా, మరిసిపోనావేటి?"

అమ్మ మరిచిపోలేదు. నాకు అప్పుడు అర్థమైంది. ఐదో పేరు ఎక్కడ పెట్టాలా అని మా తమ్ముడు వెతుక్కుంటే, పక్క వరుసలోనే దొరికింది. పద్నాలుగులో ఉన్న పిన్ని పేరు కిందికి, పదిహేనులో ఉన్న అమ్మ పేరు పైకి. ఎవరూ గమనించనంత చిన్న మార్పు.

అమ్మ వంగి తన పొయ్యి సిలిండర్ కట్టేసింది. సగం గిన్నె పిండి ఇంకా ఉంది. బయట ఇద్దరు ప్లేట్ల కోసం చూస్తున్నారు. "ఈయేళకి అయిపోయింది బావూ," అంది వాళ్ళతో.

*

ఆ సాయంత్రం అమ్మ షెడ్డు తాళంచెవి తీసుకెళ్ళి నారాయణమూర్తిగారి బల్ల మీద పెట్టింది. నేనూ పిన్నీ వెంట ఉన్నాం, హరికిరణ్ హాల్లో అన్నదంతా దారిలోనే చెప్పేశాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత కసిరారు, తర్వాత పోలమ్మా, నీకొచ్చింది నువ్వు ఉంచుకో, మిగతావాటితో నీకేం పని అని బతిమాలారు. అమ్మ ఒకటే అంది. "నాది కాదు బావూ అది. మిగతా నాలుగూ ఎవులివో మీకే తెలుసు." నేను లాప్‌టాప్ తెరిచి ఉంచాను. అప్పటికే గుమ్మం దగ్గర ఆడవాళ్ళు పోగయ్యారు. పిన్నిని నోటికొచ్చినట్టు అన్నవాళ్ళే ఇప్పుడు అందరికన్నా ముందు నిలబడ్డారు. వాళ్ళని చూసినా నాకు వికారంగానే అనిపించింది.

ఇంట్లో మహేష్ గొంతు పెంచాడు. "నీ కోసమే కదా చేశాను."

"నా కోసమని నా పేరే దొంగతనానికి ఎట్టినావు," అంది అమ్మ. "రమా గొడుగు కింద నిలబడి రాయించుకున్న పేరురా అది. నాను అడిగినానేటి నిన్ను?"

వాడు రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు బట్టలు సర్దుకుని టెల్కో కాలనీలో హరికిరణ్ గదికి వెళ్ళిపోయాడు. వాడికి ఆ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో లేదో మాకు తెలియదు. అమ్మ వాడి కంచం బయటికి తీయడం మానేసింది, లోపల మాత్రం ఉంచింది.

సెప్టెంబరు మొదట్లో ఫోన్‌లోని మీటప్ గుంపులో ఆహ్వానం వచ్చింది. హరికిరణ్ ప్రసంగం. లాటరీ ప్రోగ్రాముల్లో సీడ్, అంటే ఆ మొదటి అంకె, ఎక్కడ పెట్టాలి, ఒక నిజమైన అనుభవం, అని శీర్షిక. ఉదాహరణకి మా పట్టికే పెట్టాడు, పేర్లతో సహా. పద్నాలుగు, పదిహేను పక్కపక్కనే ఉన్నాయి. కింద ఎనిమిదిమంది బొటనవేళ్ళు ఎత్తారు. అందులో ఒకటి మా తమ్ముడిది. నేను ఆ గుంపులోంచి బయటికి వచ్చి, ఫోన్ పక్కన పెట్టి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

*

ఆడవాళ్ళంతా పట్టుబట్టి పాత లాటరీ రద్దు చేయించాక, దసరాకి పది రోజుల ముందు షెడ్ల ఎదుట రోడ్డు మీదే మళ్ళీ లాటరీ పెట్టారు. కంప్యూటర్ వద్దన్నారు. అమ్మ తన పిండి గిన్నె కడిగి తుడిచి తెచ్చింది. నలభైఒక్క చీటీలు నేనే రాశాను, ఒకే కొలతకి కత్తిరించి, అందరూ చూస్తుండగా ఒకేలా చుట్టాను. మొదటి చీటీ రమాదేవమ్మే తీయాలని ఆడవాళ్ళంతా అన్నారు. తప్పు కడుక్కోవడం అనుకున్నారేమో.

పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకొద్దమ్మా. ఇంకెవరైనా తియ్యండి."

"నీ నోరు కాదని తెలిసింది కదా పిన్నీ," అన్నాను.

"తెలిసింది," అంది. చేతులు మాత్రం ముందుకి రాలేదు.

అమ్మ వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. వెనక నుంచి లాగి, తన చేత్తో ఆ చెయ్యిని గిన్నెలోకి దించింది. రెండు చేతులూ కలిసి చీటీల్ని కలిపాయి. ఒక చీటీ పైకి వచ్చింది. అది జిలేబీ బండి ఆయనది. రెండోది ఇంకెవరిదో. అలా పన్నెండూ అయ్యాయి. అమ్మది రాలేదు. పిన్నిదీ రాలేదు. వచ్చినవాళ్ళు తాళంచెవుల కోసం ఎగబడ్డారు, రానివాళ్ళు విసుక్కుంటూ పోయారు. ఈసారి ఎవరూ ఎవరినీ తిట్టలేదు.

రోడ్డు మీద మేం ముగ్గురమే మిగిలాం. మబ్బు పట్టింది. అమ్మ గిన్నె బోర్లించబోతుంటే పిన్ని ఆపింది.

"రోహిణీ, మిగిలినయ్యి ఇప్పు."

"ఎందుకు పిన్నీ? అయిపోయింది కదా."

"ఇప్పవే."

ఇరవై తొమ్మిది చీటీలు. ఒక్కొక్కటీ విప్పి, పేరు చదివి, ఆమె చేతికి ఇచ్చాను. పదిహేడోదో పద్దెనిమిదోదో విప్పితే ఆమె పేరు వచ్చింది. ఆమెకి చదవడం రాదు. నా వేలు పెట్టించుకుని రమాదేవి అన్న నాలుగక్షరాల మీదా మెల్లగా తన వేలు నడిపించింది.

"ఉంది," అంది.

ఆ చీటీని చిన్నగా మడిచి కొంగుకి ముడేసుకుంది. చినుకులు మొదలయ్యాయి. అమ్మ టార్పాలిన్ ఒక కొస పట్టుకుంటే రెండో కొస తను అందుకుంది, ఇద్దరూ రెండు బండ్ల మీదుగా దాన్ని లాగి కట్టడం మొదలుపెట్టారు.